లేని ఊరి కవలలు

నా ఉద్యోగం ఏమిటో అమ్మకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చాలా రోజులు చేతకాలేదు.

"రోజంతా ఆ డబ్బా ముందు కూర్చుని ఏం చేస్తావే?" అని అడిగింది ఒకనాడు, మిషను సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"మనుషుల్ని తయారు చేస్తానమ్మా. పేరు, వయసు, వీధి, ఫోన్ నంబరు అన్నీ పెట్టి. కానీ వాళ్ళు నిజంగా ఎక్కడా ఉండరు."

"ఎందుకూ, ఉన్నవాళ్ళు చాలకనా?"

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న బావ పగలబడి నవ్వాడు. పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న అక్క పొట్ట పట్టుకుంది. "నన్ను నవ్వించకండి బాబూ, లోపల ఇద్దరూ కలిసి తంతున్నారు" అంది.

మా ఇంట్లో కాలేజీకి వెళ్ళింది నేనొక్కదాన్నే. అమ్మ బట్టలు కుడుతుంది. గుండీలు, కాజాలు అక్క వంతు. బావ సామాన్ల వ్యాను నడుపుతాడు. వీళ్ళ ముందు పెద్ద పెద్ద మాటలు వాడితే నాకే ఏదోలా ఉంటుంది. అందుకే అమ్మ చేతి కిందే ఉన్నది చూపించాను. కొత్త బట్ట మీద కుట్టేముందు అమ్మ ఎప్పుడూ ఒక పేలిక మీద కుట్టు వేసి చూస్తుంది. దారం తెగుతుందా, బట్ట ముడుచుకుంటుందా అని.

"ఆస్పత్రి వాళ్ళు కొత్త ప్రోగ్రాం రాయించుకుంటున్నారమ్మా. అది సరిగ్గా పని చేస్తుందో లేదో చూడాలి కదా. నిజం రోగుల వివరాలు మాకివ్వరు. ఇవ్వకూడదు కూడా, అది వాళ్ళ గుట్టు. అందుకని ముందు పేలిక మీద కుట్టి చూస్తాం. ఆ పేలికలు కత్తిరించేది నేను."

"అలా చెప్పొచ్చుగా మరి! దీనికోసం అంత చదువు చదివించానా?" అంది అమ్మ. కానీ ఆ సాయంత్రమే పక్కింటావిడతో "మా చిన్నది ఆస్పత్రికి మనుషుల్ని తయారు చేస్తోంది" అని చెబుతుంటే నా చెవిన పడింది. డాక్టర్ననుకుందో ఏమో పాపం ఆవిడ.

ఊళ్ళో ఉన్న పెద్ద ప్రసూతి ఆస్పత్రి ఒకటే. మా ఆఫీసు ప్రోగ్రాం రాస్తున్నది దానికే, అక్క కాన్పుకు వెళ్ళబోయేదీ దానికే. కవలలు కాబట్టి ఆపరేషన్ చేస్తామని డాక్టరమ్మ ఒక సోమవారం ఉదయాన్ని ఖాయం చేసింది. కాన్పుల వార్డులో మా ప్రోగ్రాం మొదలయ్యేదీ ఆ ఉదయమే.

"అంటే మీ కంప్యూటర్లో మొదట ఎక్కేది నా పిల్లలేనన్నమాట!" అన్నాడు బావ ఛాతీ విరుచుకుని.

నేనూ అంతే గర్వపడ్డాను. భయపడాలని అప్పటికి తోచలేదు.

* * *

మా టీముకు పెద్దాయన్ని ఆఫీసంతా 'బాబాయ్ గారూ' అని పిలుస్తుంది. ఎవరికి బాబాయో ఎవరికీ తెలీదు. ప్రోగ్రాం రాసే అతని అసలు పేరు అందరూ మరిచిపోయారు, 'తాళం' అంటారు. ఏ పని పూర్తిచేసినా "తాళం వేసేశాను, ఇక తప్పు దూరదు" అంటాడు గనుక. నేను మాత్రం మర్యాదకి 'అన్నా' అనేదాన్ని.

నేను మొదటిసారి తయారుచేసిన మనుషుల్ని చూసి తాళం కుర్చీలోంచి పడిపోయేంత నవ్వాడు. టేబుల్ అంటే గళ్ళ పట్టిక లాంటిది, ఒక్కో వరస ఒక్కో మనిషి. నా వరసల్లో మూడేళ్ళ తాతగారు ఉన్నాడు. తన కూతురి తరవాత పుట్టిన తల్లి ఉంది. ఒక పెద్దమనిషి నెలలు నిండి కాన్పుల వార్డులో చేరాడు. ఒకావిడ ఒకే సమయంలో రెండు మంచాల మీద పడుకుని ఉంది.

"ఏమ్మా, మీ ఊళ్ళో తాతగారికి ఇంకా పాలపళ్ళే ఊడలేదా?" అన్నాడు తాళం.

నాకు తల కొట్టేసినట్టయింది. బాబాయ్ గారు మాత్రం నవ్వలేదు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కంప్యూటర్‌కి ఏమీ తెలీదమ్మాయ్. నువ్వు చెప్పిందే తెలుసు. తల్లి బిడ్డకంటే ముందు పుట్టాలని కూడా నువ్వే చెప్పాలి."

ఆ మాట నాలో ఎక్కడో దిగిపోయింది. తల్లి బిడ్డకంటే ముందు పుట్టాలి. ఇది ఎవరైనా ఎవరికైనా చెప్పాల్సిన విషయమా? కూర్చుని రాశాను. ఒక మనిషి ఒక సమయంలో ఒక్కచోటే ఉండాలి. పోయినవాళ్ళు మళ్ళీ వచ్చి ఆస్పత్రిలో చేరకూడదు. బిడ్డ బరువు తల్లి బరువుకంటే తక్కువ ఉండాలి. ఒకటి రాస్తే దాని వెనకాల ఇంకొకటి నిలబడి ఉండేది.

ఆ సాయంత్రం బస్సెక్కితే కాలు పెట్టే చోటు లేదు. కడ్డీ పట్టుకుని వేలాడుతూ చుట్టూ చూశాను. ఒక తాత ఒళ్ళో మనవరాలు, తాతే పెద్దవాడు. ఒక్కో సీట్లో ఒక్కో మనిషి, ఏ ఒక్కరూ రెండు సీట్లలో లేరు. ఎవరి నీడ వాళ్ళ కాళ్ళకే అతుక్కుని ఉంది. నాలుగు నియమాలు రాయడానికి నాకు చెమటలు పట్టాయి. కిక్కిరిసిన ఈ డొక్కు బస్సులో, ఇన్ని ముఖాల్లో, ఒక్క తప్పు లేదు! ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఇదంతా. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. కండక్టరు నావైపు చూసి, "ఏమ్మా, బస్సు కొంటావా ఏంటి?" అన్నాడు.

మనుషుల్ని పుట్టించే నా చిన్న ప్రోగ్రాంలో నియమాలన్నీ ఎక్కించాక మళ్ళీ నడిపాను. టీ కప్పు నోటి దాకా వెళ్ళేలోపు ఒక ఊరు వచ్చేసింది. అవును, ఊరే. వీధులున్నాయి, వీధుల్లో ఇళ్ళున్నాయి. ఒక ఇంట్లో ముసలావిడ ఒక్కతే, రెండు వీధులవతల ఆమె కొడుకు. ఒక ఇంట్లో వరసగా అందరూ ఆడపిల్లలే. ఇవేవీ నేను రాయలేదు. నేను రాసింది నియమాలే. మిగతాదంతా ప్రోగ్రాం పాచికలు వేసి తెచ్చింది.

అంతకంటే విచిత్రం సీడ్ నంబరు. విత్తనం లాంటి అంకె అన్నమాట. ప్రోగ్రాం పాచికలు వేసేముందు ఒక అంకె ఇవ్వాలి. ఆ అంకె నుంచే ఊరంతా మొలుస్తుంది. అంకె మారిస్తే వేరే ఊరు. అదే అంకె మళ్ళీ ఇస్తే మళ్ళీ అదే ఊరు. నాకు వేరే అంకె తోచక, అమ్మ కుట్టుమిషను మీద చెక్కి ఉన్న నంబరు ఇచ్చాను. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి అంకెలు నేర్చుకున్నాను నేను.

ఊరంతా చెరిపేశాను. తెర ఖాళీ అయింది. మిషను నంబరు కొట్టాను. వచ్చేశారు. అదే ముసలావిడ, అదే ఇల్లు, అదే కొడుకు. మళ్ళీ చెరిపాను. మళ్ళీ వచ్చారు, వరస తప్పకుండా, పిలిస్తే పలికినట్టు. వాళ్ళు లేనప్పుడు ఎక్కడున్నారు? ఆ అంకెలోనా? ఇంత చిన్న అంకెలో ఇంత ఊరు ఎలా పట్టింది?

"అయిందా దర్శనం?" అన్నాడు తాళం వెనకనుంచి. "నాకూ మొదట్లో ఇలాగే ఉండేది. మూణ్ణెల్లు పోతే అన్నీ మామూలే."

నాకు ఇప్పటికీ మామూలు కాలేదు.

* * *

కాన్పుల వార్డు కోసం తల్లుల టేబుల్, బిడ్డల టేబుల్ విడిగా ఉన్నాయి. అక్క మనసులో ఉండబట్టి కవలల్ని కాస్త ఎక్కువే పుట్టించాను. వాళ్ళలో ఒక తల్లి మీద ఎందుకో నా చూపు ఆగింది. వృత్తి గడిలో 'దర్జీ' అని పడింది, వయసూ దాదాపు అక్కదే. ఆమెకు మొదట బాబు, తరవాత పాప. బాబు కాస్త బరువు, పాప తేలిక. ఊరిని పిలిచినప్పుడల్లా ముందు వీళ్ళ ఇంటికే వెళ్ళి చూసేదాన్ని.

ఈ ఊరిని తాళం రాసిన ఆస్పత్రి ప్రోగ్రాంలోకి పంపి చూస్తే, అది పరీక్షలన్నీ నెగ్గింది. బిడ్డలందరూ తెరమీదకు వచ్చారు, కవలలు ఇద్దరిద్దరుగా వచ్చారు. శనివారం ఉదయం "అన్నీ సరే" అని బాబాయ్ గారికి రాసిచ్చి ఆస్పత్రికి బయల్దేరాను. అక్కను ముందు రోజే చేర్చుకున్నారు.

వార్డు గుమ్మం దగ్గర పెద్ద నర్సు ఆపింది. "మీరేమవుతారు?"

"చెల్లెల్నండీ."

లోపల అక్కా బావా పోట్లాడుకుంటున్నారు.

"చూడవే! మీ బావ ఒక్క పేరూ ఒప్పుకోడు. ఇదైతే బడిలో కొట్టినవాడి పేరట, అదైతే బాకీ ఎగ్గొట్టినవాడి పేరట."

"లోకంలో మంచిపేర్లన్నీ నాకు పడనివాళ్ళకే పెట్టారు, నేనేం చేసేది? పుట్టనీ, ముఖాలు చూసి ఆలోచిద్దాం."

నవ్వుకుంటూ నడవాలోకి వచ్చాను. అక్కడొక అద్దాల గది. లోపల వరసగా చిన్న చిన్న తొట్లు. అప్పుడే పుట్టిన బిడ్డను తెచ్చి ఒక తొట్లో పడుకోబెడుతోంది పెద్ద నర్సు. గుప్పిట మూసుకుని, ముఖమంతా ముడుచుకుని, ఎవరినో తిడుతున్నట్టు ఏడుస్తున్నాడు వాడు. గోళ్ళు కూడా ఉన్నాయి. నా టేబుల్లో గోళ్ళకు గడి లేదు. చెవి వంపుకి గడి లేదు. నేను టీ తాగేలోపు వేలమందిని పుట్టించినదాన్ని, ఆ ఒక్కడి ముందు కాళ్ళు కదలక నిలబడిపోయాను. వాడికి కావలసిన నియమాలన్నీ రాయాలంటే ఎన్ని తరాలు కూర్చోవాలి!

నర్సు బయటికి వచ్చింది. నేను ప్రోగ్రాం ఆఫీసు మనిషినని తెలిసి ముఖం విప్పారింది. "సోమవారం నుంచి మాకు రాత బాధ తప్పుతుందమ్మా. టీకా ఎవరికి వేయాలి, బరువు ఎవరికి చూడాలి, అన్నీ మీ తెరే చెబుతుందట కదా. తెరమీద ఉన్నవాళ్ళ దగ్గరికి వరసగా వెళ్ళిపోవడమే."

ఆమె మాటలు వింటూ అద్దంలోంచి ఆ బిడ్డ కాలికి కట్టిన పట్టీ చూశాను. ఒక ఆడమనిషి పేరు, పక్కన 'బిడ్డ' అని ఉంది. పక్క తొట్టి పట్టీ మీద ఇంకో ఆడమనిషి పేరు, పక్కన 'బిడ్డ'. ఆ పక్కదీ అంతే. చివరిదాకా చూశాను. ఆ గదిలో ఒక్కరికీ పేరు లేదు.

ఎలా ఉంటుంది? బావ ఇందాక అన్నాడుగా, ముఖాలు చూశాక అని. ఇందులో వింత ఏముంది, మా వీధిలో ఏ పసిబిడ్డను చూసినా నాకు తెలిసిన సంగతే. కానీ నా ఊళ్ళో? నా ఊళ్ళో ప్రతి బిడ్డా పేరుతోనే పుట్టాడు. కవలలు కూడా, ఇద్దరికీ చెరో చక్కటి పేరు. పేరు గడి ఖాళీగా ఉంటే బాగుండదని నేనే నింపించాను. పేరు లేని బిడ్డను మా ప్రోగ్రాం ఒక్కసారి కూడా చూడలేదు.

అక్కకు చెప్పకుండానే మెట్లు దిగేశాను.

* * *

ఆఫీసులో తాళం సంచీ సర్దుకుంటున్నాడు.

"అన్నా, ఒక్కసారి కూర్చో. పేర్లు తీసేసి ఊరిని నడిపిద్దాం."

"పొద్దున్నేగా సరే అన్నావు! తాళం వేసేశానమ్మా నేను."

"తియ్యి అన్నా. సోమవారం అక్క పిల్లలు."

సంచీ పక్కన పెట్టి కూర్చున్నాడు. బిడ్డల పేర్ల గడి మొత్తం ఖాళీగా ఉంచమని రాశాను. అమ్మ మిషను నంబరు కొట్టాను. ఊరు వచ్చింది. అవే వీధులు, అవే ఇళ్ళు. నేరుగా దర్జీ ఇంటికి వెళ్ళాను.

తల్లి ఉంది. ఆస్పత్రిలో చేరిన తేదీ ఉంది. పాప ఉంది, అదే తేలికైన బరువుతో. బాబు లేడు.

పైకీ కిందికీ జరిపి చూశాను. ఇంకో కవలల తల్లి దగ్గరికి వెళ్ళాను. అక్కడా ఒక్కరే. ఇంకో చోట, ఇంకో చోట. ఊళ్ళో కవలల్లో మొదటివాళ్ళంతా మాయమయ్యారు. తెరమీద ఎర్ర గుర్తు లేదు, తప్పు అన్న మాట లేదు. అన్నీ నిమ్మళంగా, శుభ్రంగా ఉన్నాయి.

"తెరమీద ఉన్నవాళ్ళ దగ్గరికి వరసగా వెళ్ళిపోవడమే" అన్న నర్సు మాట చెవిలో మోగింది. వెళ్ళని తొట్టి దగ్గర ఎవరు ఉంటారు?

బాబాయ్ గారిని పిలిచాం. ఆయన వచ్చి కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.

"ఎందుకిలా అయింది?"

తాళం మెల్లగా చెప్పాడు. "నర్సులు కంగారులో బటను రెండుసార్లు నొక్కితే ఒకే బిడ్డ ఇద్దరుగా పడకూడదని ఒక కాపలా పెట్టాను బాబాయ్ గారూ. అదే తల్లి, అదే పేరు మళ్ళీ వస్తే, రెండోది కొత్త బిడ్డ కాదు, మొదటిదానికి సవరణ అనుకుని దాని మీదే రాసేస్తుంది. పేర్లున్నప్పుడు బాగానే ఉంది. ఇద్దరికీ పేరు లేకపోతే..."

"ఇద్దరూ ఒక్కరే అనుకుంటుంది."

"అవునండీ."

నన్ను తిడతారనుకున్నాను. పొద్దున సరే అని రాసిచ్చింది నేనే కదా.

"నేను ఆ వరసలు కళ్ళారా చూశాను" అన్నాడు బాబాయ్ గారు. "పేర్లు చూసి, భలే ముచ్చటగా పెట్టిందే అమ్మాయి అనుకున్నాను. నేనూ ముగ్గురు పిల్లల తండ్రినే." తరవాత ఫోను తీశాడు. "సరిచేసి, అదే ఊరి మీద మళ్ళీ పరీక్షిద్దాం. ఒక్క బిడ్డ తగ్గినా సోమవారం తెరిచేది లేదు. ఆస్పత్రి వాళ్ళని కాగితం మీదే రాసుకోమని చెబుతాను."

ఆదివారం ఉదయానికి తాళం పని ముగించాడు. ఇప్పుడు పేరుతో సంబంధం లేదు. తల్లి పక్కన ఎన్నో బిడ్డ అన్నది చూస్తుంది: మొదటి, రెండో. ఒకే తల్లికి ఇంకో బిడ్డ వస్తే, "ఇది కొత్త బిడ్డా, పాత బిడ్డకు సవరణా?" అని నర్సునే అడుగుతుంది.

"తాళం వేశావా?" అన్నాడు బాబాయ్ గారు.

"లేదండీ. గొళ్ళెం పెట్టానంతే. అమ్మాయి చూసి చెప్పాక వేస్తాను."

ముగ్గురం తెర ముందు చేరాం. నేను ఊరంతా చెరిపేశాను. మిషను నంబరు ఒక్కో అంకే కొట్టాను. నవ్వుతారేమో గాని, నాకు భయమేసింది. ఆ బాబు అసలు ఉన్నవాడు కాదు. వాడికి ముఖం లేదు, గోళ్ళు లేవు. అయినా నా వల్ల ఒకసారి పోయాడు. పిలిస్తే మళ్ళీ వస్తాడా?

ఊరు వచ్చింది. వీధి వచ్చింది. దర్జీ ఇల్లు.

తల్లి. రెండో బిడ్డ, పాప. దాని పైన, మొదటి బిడ్డ, బాబు. అదే బరువు, రవ్వంత తేడా లేదు. పేరు గడి ఖాళీ.

"వచ్చాడు" అన్నాడు తాళం, రైలు దిగిన చుట్టాన్ని చూసినట్టు. బాబాయ్ గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, తుడిచిందే తుడిచాడు.

ఊరంతా తిరిగాను. కవలలందరూ ఇద్దరిద్దరుగా ఉన్నారు. పేరు లేని పిల్లలు, గడి ఖాళీగా, ఒక్కరూ తగ్గకుండా. వాళ్ళు ఎక్కడికీ పోలేదు. ఆ అంకెలో అలాగే ఉన్నారు, మేం చోటిచ్చేదాకా. మధ్యాహ్నం దాకా అడ్డమైన పరీక్షలన్నీ పెట్టి, రెండోసారి "సరే" అని రాసిచ్చాను. ఈసారి రాయడానికి చాలాసేపు పట్టింది.

* * *

సోమవారం ఉదయం ఆపరేషన్ గది బయట బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక చెప్పు తనది, ఇంకోటి ఎవరిదో. అమ్మ ఒళ్ళో తను కుట్టిన చిన్న చిన్న జుబ్బాలు. అందరూ తలుపు వైపు చూస్తుంటే నేను మాత్రం నర్సుల బల్ల మీది తెర వైపు కూడా చూస్తున్నాను.

లోపలినుంచి ఒక ఏడుపు వినిపించింది. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి ఇంకొక ఏడుపు, దానికంటే సన్నగా.

పెద్ద నర్సు వచ్చి బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. అక్క పేరు. బిడ్డ పేరు గడి ఖాళీ. మొదటి బిడ్డ, పాప. మళ్ళీ అక్క పేరు. మళ్ళీ ఖాళీ. తెర ఆగి అడిగింది, ఇది కొత్త బిడ్డా, పాత బిడ్డకు సవరణా అని.

"కొత్త బిడ్డే తల్లీ, కొత్త బిడ్డే! నీకేం తెలుసు, నేను చేతులారా పట్టుకొచ్చాను!" అంది నర్సు తెరతో, మనిషితో మాట్లాడినట్టు.

రెండో బిడ్డ, పాప. ఇద్దరూ ఒకరి కింద ఒకరు వచ్చి నిలబడ్డారు. నేను బెంచీ మీద కూలబడ్డాను.

"ఎన్ని జుబ్బాలు కుట్టారత్తయ్యా?" అన్నాడు బావ, ఏడుస్తూ నవ్వుతూ.

"సరిపోవు. ఉన్నవాళ్ళు చాలక వీళ్ళిద్దరూ వచ్చారుగా" అంది అమ్మ.

అమ్మ అప్పుడే అమ్మమ్మ అయిపోయింది. చెప్పులు మార్చుకొచ్చిన బావ నాన్న అయ్యాడు. లోపల మత్తులో ఉన్న అక్క, తనకు తెలియకుండానే అమ్మ అయింది. ఇంకా పేరు లేని ఆ ఇద్దరు, కళ్ళయినా తెరవకముందే, మా అందరినీ కొత్తగా మార్చేశారు. ఇలాంటి నియమం ఒకటి ఉందని నాకు తోచనే లేదు. తోచినా ఏ గడిలో రాయాలో తెలిసేది కాదు.

అద్దాల గది దగ్గరికి నడిచాను. గుమ్మంలో పెద్ద నర్సు అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరేమవుతారు?"

శనివారం చెప్పిన మాటే నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"పిన్నినండీ" అన్నాను.